చక్రాల కింద నిమ్మకాయ పెట్టేముందు

శుక్రవారం రాత్రి పదింటికి మా మరదలు ఫోన్ చేసింది. మా చిన్నాన్నగారి అబ్బాయి భార్య. పెళ్ళయి అమెరికా వచ్చి ఏడాదిన్నర. హ్యూస్టన్ పక్కన షుగర్‌ల్యాండ్‌లో ఉంటారు.

"వదినా, రేపు పొద్దున్నే కారు కొంటున్నాం. దశమి, పదకొండింటిలోపు చాలా మంచిదట. అక్కణ్ణుంచి అటే పేర్‌ల్యాండ్ మీనాక్షి గుడికి వెళ్ళి పూజ చేయించుకుందాం అనుకుంటున్నాం. మీరూ రండి."

"తప్పకుండా వస్తా. కారు ఎలా ఉంది?" అనడిగాను.

"ఫోటోల్లో బావుంది వదినా. ఆయన మొన్న ఆఫీసయ్యాక వెళ్ళి చూసొచ్చారు. 2017 క్యామ్రీ. టయోటా అయితే కళ్ళు మూసుకుని కొనొచ్చని ఫ్రెండ్సందరూ అన్నారట."

"రోజూ నడిపేది ఎవరు?"

"నేనే. ఆయన వారానికి రెండు రోజులే ఆఫీసుకెళ్తారు, ఆ కారు వేరే ఉందిగా."

"నడిపేది నువ్వు, చూసింది తను. అదీ చీకటి పడ్డాక."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది, "కార్ల సంగతి నాకేం తెలుసు వదినా?"

ఆ ఒక్క మాటే నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే కొన్నేళ్ళ క్రితం అచ్చంగా అదే మాట నేనూ అనుకున్నాను. దానికి ఎంత ఖరీదు కట్టానో చెప్తాను.

నేను చెప్పని మాట

2017 ఆగస్టు చివర్లో హార్వీ తుఫాను వచ్చినప్పుడు మేం కేటీలో ఉన్నాం. రోజుల తరబడి వాన. హ్యూస్టన్ చుట్టుపక్కల కొన్నిచోట్ల 50 అంగుళాలకు పైగా పడింది. మా ఇల్లు బయటపడింది గానీ, మా పక్క వీధుల్లో కార్లు అద్దాల దాకా మునిగాయి. ఈ ప్రాంతంలో అలా మునిగినవి లక్షల్లో ఉన్నాయి. ఇన్సూరెన్స్ కంపెనీలు వాటిని పెట్టడానికి చోటు చాలక, బేటౌన్‌లో అప్పట్లో కార్ల రేసులు జరిగిన రాయల్ పర్పుల్ రేస్‌వేలో వరసలు వరసలుగా నిలబెట్టారు. టీవీలో పైనుంచి చూపిస్తుంటే, "వీటన్నిటినీ ఏం చేస్తారో" అనుకున్నాను.

కొన్నిటిని తుక్కు చేస్తారు. కొన్నిటిని విప్పి విడిభాగాలుగా అమ్ముతారు. కొన్నిటిని మాత్రం ఎవరో వేలంలో కొని, కడిగి, ఆరబెట్టి, లోపల కొత్త కార్పెట్ వేసి, రూల్స్ వదులుగా ఉన్న మరో రాష్ట్రంలో రిజిస్టర్ చేయించి, టైటిల్ మీద ఉండాల్సిన "ఫ్లడ్" అన్న మాట మాయం చేసి మళ్ళీ బజార్లో పెడతారు. దీన్నే ఇక్కడ టైటిల్ వాషింగ్ అంటారు. బట్టలుతికినట్టు కాగితాలు ఉతకడం అన్నమాట.

2018 మార్చిలో మేం ఒక చిన్న లాట్‌లో పాత మినీవ్యాన్ కొన్నాం, 8,500 డాలర్లకి. తలుపు తియ్యగానే గుప్పుమని సెంటు వాసన. ఆ సెంటు కింద ఇంకేదో ఉంది. వాన కాలంలో ఆరని దుప్పటి మడతపెట్టి బీరువాలో పెడితే వచ్చే వాసన. నాకు స్పష్టంగా తెలిసింది. మా ఆయనా, ఆయన ఫ్రెండూ ఇంజన్ వైపు వంగి మాట్లాడుకుంటున్నారు. చెప్దామనుకుని ఊరుకున్నాను. కార్ల సంగతి నాకేం తెలుసు, ఏమైనా అంటే నవ్వుతారేమో అని.

జూన్ ఎండలకి ఆ వాసన బూజై బయటికొచ్చింది. తలుపులు వాటంతటవే లాక్ పడటం, తెరుచుకోవడం మొదలైంది. జూలైలో ఒక మధ్యాహ్నం కేటీ ఫ్రీవే మధ్య లేన్లో బండి ఉన్నట్టుండి ఆగిపోయింది. వెనక సీట్లో మా మూడేళ్ళ పాప. పక్కనుంచి ట్రక్కులు హోరుమని వెళ్తుంటే, టో ట్రక్కు వచ్చేదాకా ఆ ఇరవై నిమిషాలు నేను ఎలా కూర్చున్నానో నాకే తెలుసు. మెకానిక్ డ్రైవర్ సీటు కింద కార్పెట్ లేపి చూపించాడు. పొడి మట్టి, పలకలా గట్టిపడి ఉంది. లాట్ వాడి దగ్గరికెళ్తే, "యాజ్ ఈజ్" అని మేం సంతకం పెట్టిన కాగితం తీసి ముందు పెట్టాడు. ఆ బండిని చివరికి 900 డాలర్లకి తుక్కుకిచ్చాం.

డబ్బు పోయినందుకు కాదు నా బాధ. ఆ రోజు నా ముక్కుకి తెలిసింది, నా నోరు చెప్పలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. మనం కొబ్బరికాయ ఊపి, చెవి దగ్గర పెట్టుకుని కొంటాం. వంకాయ ముచ్చిక చూస్తాం. చీర అయితే తిరగేసి వెనక దారాలు చూడందే షాపువాణ్ణి వదలం. పాత కారు చూడటానికి కావలసింది ముప్పాతిక భాగం ఆ కళ్ళూ, ఆ ముక్కూ, ఆ చెవులే. మిగతా పావు భాగానికి మెకానిక్ ఉంటాడు.

ఇల్లు కదలకముందే: పదిహేడు అక్షరాలు

ఫోన్ పెట్టేసే ముందు మా మరదల్ని ఆ కారు విన్ నంబర్ పంపమన్నాను. 1981 తర్వాత తయారైన ప్రతి కారుకీ 17 అంకెలు, అక్షరాలు కలిసిన ఈ నంబర్ ఉంటుంది. ఒకటీ సున్నాలతో పొరబడకుండా ఇందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. పదో స్థానంలో ఉన్నది మోడల్ సంవత్సరం చెప్తుంది: హెచ్ అంటే 2017, జె అంటే 2018, కె అంటే 2019. అమ్మేవాళ్ళు ఈ నంబర్ ఇవ్వడానికి నసిగితే, ఆ కారు సంగతి అక్కడితో వదిలెయ్యండి.

నంబర్ చేతికొచ్చాక మూడు పనులు చెయ్యాలి.

మొదటిది, రహదారి భద్రత చూసే ఫెడరల్ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్లో ఆ నంబర్ కొట్టి రీకాల్స్ చూడటం. ఇది ఉచితం. తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల గురించి వినే ఉంటారు. గుద్దుకున్నప్పుడు మనిషిని కాపాడాల్సిన ఎయిర్‌బ్యాగు తనే పేలి ఇనుప ముక్కలు చిమ్మేది. అమెరికాలో సుమారు 6 కోట్ల 70 లక్షల ఎయిర్‌బ్యాగుల్ని వెనక్కి పిలిచారు. 2016లో మన వాళ్ళు ఎంతోమంది ఉండే ఈ ఫోర్ట్ బెండ్ కౌంటీలోనే, నెమ్మదిగా జరిగిన ఒక చిన్న యాక్సిడెంటులో హైస్కూల్ చదివే అమ్మాయి ఆ ముక్క తగిలి చనిపోయింది. అది 2002 హోండా సివిక్. దానికి 2011లోనే రీకాల్ వచ్చింది. ఎయిర్‌బ్యాగు మాత్రం మార్పించలేదు.

ఇక్కడ ఒక సంగతి చాలామందికి తెలియదు. రీకాల్ పెండింగ్‌లో ఉన్న కొత్త కారుని డీలరు అమ్మకూడదు. పెద్ద రెంటల్ కంపెనీలు అద్దెకివ్వకూడదు. కానీ పాత కారుని అలాగే అమ్మడాన్ని ఫెడరల్ చట్టం ఆపదు. కాబట్టి చూసుకోవాల్సింది మనమే. రీకాల్ ఉన్నంత మాత్రాన కారు పనికిరాదని కాదు. ఆ కంపెనీ డీలరు దగ్గరికి తీసుకెళ్తే రిపేరు ఉచితంగా చేస్తారు. కొనేముందే చేయించి ఇమ్మని అడగండి.

రెండోది, ఎన్‌ఐసీబీ వారి విన్‌చెక్. ఇదీ ఉచితమే. అందులో ఉన్న ఇన్సూరెన్స్ కంపెనీల లెక్కల్లో ఆ కారు దొంగిలించిన బండిగానో, పూర్తిగా పాడైపోయిన బండిగానో నమోదై ఉంటే చెప్తుంది.

మూడోది, డబ్బు కట్టి తీసుకునే హిస్టరీ రిపోర్ట్. కార్‌ఫ్యాక్స్, ఆటోచెక్ అందరికీ తెలిసినవే. ఎన్‌ఎమ్‌వీటీఐఎస్ అనే ప్రభుత్వ డేటాబేస్ నుంచి ఇచ్చే రిపోర్టులు వాటికంటే చవగ్గా దొరుకుతాయి. రాష్ట్రాల డీఎంవీలు, ఇన్సూరెన్స్ కంపెనీలు, తుక్కు యార్డులు దానికి వివరాలు ఇవ్వాలని చట్టం.

అయితే ఒక మాట. రిపోర్ట్ శుభ్రంగా ఉంటే కారు శుభ్రంగా ఉన్నట్టు కాదు. గుద్దేసిన కారుని ఇన్సూరెన్స్‌కి చెప్పకుండా తెలిసిన షాపులో డబ్బిచ్చి బాగు చేయించుకుంటే, ఆ సంగతి ఏ రిపోర్ట్‌లోనూ ఉండదు. మా మినీవ్యాన్ రిపోర్ట్ కూడా తెల్లగానే ఉంది.

కారు దగ్గర: కళ్ళు, ముక్కు, చెవులు

మర్నాడు తొమ్మిదిన్నరకి మేం ముగ్గురం లాట్‌కి వెళ్ళాం. పాత కారుని పగటి వెలుతురులో, వాన లేనప్పుడు చూడాలి. తడి కారు మీద గీతలు, రంగు తేడాలు కనబడవు. ఇంకోటి, ఇంజన్ చల్లగా ఉండాలి. వెళ్ళగానే హుడ్ మీద చెయ్యి పెట్టి చూడండి. మీరు రాకముందే వేడిగా ఉందంటే, చల్లటి ఇంజన్ స్టార్ట్ అయ్యేటప్పుడు వచ్చే చప్పుడో పొగో మీకు తెలియకూడదని ముందే తిప్పి ఉంచారేమో అడగండి.

ముందు కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చెయ్యండి. నాలుగు మూలల నుంచీ వంగి, రంగు మీద పడే వెలుగు చూడండి. ఒక తలుపు రంగు పక్కదానితో కలవకపోయినా, తలుపుల మధ్య సందు ఒకచోట సన్నగా, ఒకచోట వెడల్పుగా ఉన్నా, కిటికీల రబ్బరు మీద రంగు తుంపర్లు ఉన్నా, ఆ భాగం ఎప్పుడో దెబ్బతిని బాగైంది. హుడ్ కింద బోల్టుల మీద రంగు లేచిపోయి ఉంటే, వాటిని ఎవరో విప్పి బిగించారు.

తర్వాత టైర్లు. టైరు పక్క గోడ మీద డాట్ అని మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు ఆ టైరు పుట్టినరోజు. 2319 అంటే 2019లో 23వ వారం. అరుగుదల చూడటానికి ఒక పెన్నీ చాలు. లింకన్ తల కిందికి వచ్చేలా టైరు గాడిలో పెట్టండి. తల పైభాగం మొత్తం కనిపిస్తుంటే ఆ టైరు పని అయిపోయింది. టైరు ఒక వైపే అరిగితే అలైన్‌మెంటో, సస్పెన్షనో సరిగ్గా లేదన్నమాట. నాలుగు కొత్త టైర్లంటే చిన్న ఖర్చు కాదు. బేరంలో పనికొస్తుంది.

టెక్సస్‌లో ఉన్నవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. 2025 జనవరి నుంచి ఇక్కడ మామూలు కార్లకి ఏటా జరిగే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు. హ్యూస్టన్, డల్లాస్ లాంటి పెద్ద ఊళ్ళున్న కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం ఉంది. బ్రేకులు, టైర్లు ఎలా ఉన్నాయో చూడమని ఎవరూ అడగరు. ఇక న్యూజెర్సీ, ఒహాయో, మిషిగన్ వైపు ఉన్నవాళ్ళు కారు కిందికి వంగి చూడాలి. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకి అడుగు భాగం తుప్పు పడుతుంది.

ఇప్పుడు లోపలికి. తలుపులు, అద్దాలు మూసి, ఏసీ వెయ్యకుండా ఒక నిమిషం ఊరికే కూర్చోండి. వాసన చూడండి. సెంటు ఘాటుగా ఉంటే, దేన్ని కప్పుతోందో ఆలోచించండి. కాళ్ళ కింది మ్యాట్లు తీసి కార్పెట్ చెయ్యిపెట్టి నొక్కండి. ట్రంక్‌లో స్టెప్నీ ఉండే గుంట తెరిచి నీటి మరకలు, మట్టి ఉన్నాయేమో చూడండి. సీటు బెల్టుని చివరిదాకా బయటికి లాగండి. నీళ్ళలో మునిగిన బండి అయితే, ఎవరూ కడగని ఆ చివర్లో మట్టి గీత ఉంటుంది. సీట్లు జరిగే పట్టాల మీద తుప్పు, హెడ్‌లైట్ల లోపల చెమ్మ కూడా అదే కథ చెప్తాయి. వరదలు టెక్సస్, ఫ్లోరిడాల్లో వచ్చినా, ఆ కార్లు ఏ రాష్ట్రానికైనా వస్తాయి.

ఎన్ని మైళ్ళు తిరిగిందో మీటరు చెప్తుంది. నిజమో కాదో పెడళ్ళు చెప్తాయి. సాధారణంగా ఏడాదికి 12 వేల మైళ్ళ లెక్కన చూసుకుంటారు. మీటరు మీద నలభై వేలుండి, బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి, స్టీరింగ్ తోలు మెరుస్తుంటే అనుమానించాలి. అద్దం మూలనో, తలుపు పక్కనో అంటించిన ఆయిల్ మార్పు స్టిక్కర్ మీద రాసిన మైళ్ళు కూడా చూడండి.

దీపాలు అబద్ధం చెప్తాయా?

తాళం తిప్పగానే, ఇంజన్ ఇంకా స్టార్ట్ కాకముందు, చెక్ ఇంజన్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగు లైట్లన్నీ ఒకసారి వెలగాలి. స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. ఆరకపోతే సమస్య ఉంది. అసలు వెలగకపోతే, సమస్య కనబడకుండా ఎవరో ఆ లైటు సంగతి చూశారేమో అనుకోవాలి.

1996 నుంచి ఇక్కడ అమ్మిన కార్లన్నిటికీ స్టీరింగ్ కింద ఓబీడీ-2 అనే ప్లగ్గు ఉంటుంది. ఇరవై, ముప్ఫై డాలర్ల చిన్న స్కానర్ అందులో గుచ్చితే కారు తన జబ్బు తనే చెప్తుంది. నా పర్సులో అది ఎప్పుడూ ఉంటుంది. మా తమ్ముడు చూసి, "ఏంటక్కా, స్టెతస్కోపులా తిప్పుతున్నావు" అని నవ్వాడు.

క్యామ్రీకి గుచ్చాను. కోడ్లు ఏమీ లేవు. కానీ అదే తెరమీద "రెడీనెస్ మానిటర్లు" అని ఇంకో పేజీ ఉంటుంది. ఇంజన్‌లో ఒక్కో విభాగాన్ని కారు తనే పరీక్షించుకుని "రెడీ" అని రాసుకుంటుంది. కోడ్లు చెరిపేసినా, బ్యాటరీ తీసి పెట్టినా అవన్నీ "నాట్ రెడీ" అయిపోతాయి. మళ్ళీ రెడీ అవ్వాలంటే కొన్ని రోజులు రకరకాలుగా నడపాలి. ఆ కారులో దాదాపు అన్నీ నాట్ రెడీ అనే ఉన్నాయి.

అంటే ఈమధ్యే ఎవరో ఏదో చెరిపారు. బ్యాటరీ మార్చినా అలాగే అవుతుంది కాబట్టి మోసం అని చెప్పలేం. సేల్స్‌మన్‌ని అడిగితే, మా తమ్ముడి వైపు తిరిగి, "కొత్త బ్యాటరీ వేశాం" అన్నాడు. అడిగింది నేను, జవాబు వాడికి! మా మరదలు అప్పటిదాకా పక్కన నిలబడి ఉందల్లా, హుడ్ కింద ఉన్న బ్యాటరీ వైపు చెయ్యి చూపించి, "అది ఇదేనా? దీని మీద 2021 అని ఉందేమిటి?" అంది.

నేను నేర్పింది కాదది. కళ్ళతో చూసింది, నోటితో అడిగింది. అంతే.

నడిపి చూడటం

డ్రైవింగ్ చేయబోయేది ఎవరో వాళ్ళే నడిపి చూడాలి. లైసెన్స్ చూపిస్తే చాలాచోట్ల ఇస్తారు. రేడియో ఆపెయ్యండి. ఎవరైనా పక్కన కూర్చుని గలగలా మాట్లాడుతుంటే, కాసేపు మాట్లాడొద్దని చెప్పండి. స్టార్ట్ చేసినప్పుడు ఇంకొకరిని సైలెన్సర్ వెనక నిలబడి చూడమనండి. నీలం పొగ అంటే ఆయిల్ మండుతోంది. తియ్యటి వాసనతో చిక్కటి తెల్ల పొగ అంటే కూలెంట్ పోతోంది. నల్ల పొగ అంటే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. చలి పొద్దున్న కాసేపు పల్చటి ఆవిరి రావడం మాత్రం మామూలే.

చిన్న రోడ్లే కాదు, ఫ్రీవే మీదా నడపండి. గేర్లు మారేటప్పుడు కుదుపు ఉందా? ఖాళీ పార్కింగ్ లాట్‌లో గట్టిగా బ్రేకు వేస్తే బండి ఒక పక్కకి లాగుతోందా? స్టీరింగ్ అటూ ఇటూ పూర్తిగా తిప్పితే టకటకమంటోందా? ఏసీ, హీటర్ రెండూ వేసి చూడండి. ఎండాకాలంలో హీటర్ సంగతి ఎవరూ అడగరు, డిసెంబర్‌లో తెలుస్తుంది.

చిన్నపిల్లలుంటే కార్ సీటు వెంట తీసుకెళ్ళి అక్కడే బిగించి చూడండి. 2002 సెప్టెంబర్ తర్వాత తయారైన కార్లకి లాచ్ కొక్కేలు ఉండాలి గానీ, చెయ్యి దూరేంత చోటు ఉందా అన్నది చూస్తేనే తెలుస్తుంది. ఊరినుంచి అత్తయ్యో అమ్మో ఆర్నెల్లు ఉండటానికి వస్తే, మోకాళ్ళ నొప్పులతో అంత ఎత్తు ఎక్కగలరా? స్ట్రోలరో, కాస్ట్‌కో సామానో ట్రంక్‌లో పడుతుందా? ఇవేవీ ఇంజన్ వైపు వంగి చూసేవాళ్ళకి తట్టవు.

రెండొందల డాలర్ల మాట

ఇన్ని చూసినా, డబ్బు కట్టేముందు మీకు నమ్మకమున్న మెకానిక్‌తో ప్రీ-పర్చేజ్ ఇన్‌స్పెక్షన్ చేయించండి. ఊరిని బట్టి వందా రెండొందల నుంచి మూడొందల డాలర్ల దాకా తీసుకుంటారు. లిఫ్ట్ మీద కారు ఎత్తి, కింద లీకులు, ఫ్రేము, బ్రేకులు, సస్పెన్షన్ చూసి కాగితం మీద రాసిస్తారు. అమ్మేవాళ్ళు చెప్పిన మెకానిక్ వద్దు, మనం ఎంచుకున్నవాడే కావాలి. కారు బయటికి పంపనంటే ఇంటికో, లాట్‌కో వచ్చి చూసే మొబైల్ మెకానిక్‌లు కూడా ఉన్నారు. దానికీ ఒప్పుకోకపోతే దండం పెట్టి వచ్చెయ్యండి. ఆ రెండొందలు ఖర్చు కాదు, "వద్దు" అనడానికి మీరు కొనుక్కునే ధైర్యం.

శనివారం మెకానిక్ దొరకడు, సోమవారం వస్తామన్నాం. "సాయంత్రం ఇంకొకాయన క్యాష్‌తో వస్తున్నాడు" అన్నాడు సేల్స్‌మన్. పది ముప్పావు అయింది. విజయవాడ నుంచి మా పిన్ని వీడియో కాల్‌లో ఉంది, ముహూర్తం దాటిపోతోందని కంగారు పడుతూ. మా తమ్ముడు నా వైపు చూశాడు. నేను మా మరదలి వైపు చూశాను.

"వద్దులెండి, వెళ్ళిపోదాం" అంది తను.

కాగితాల దగ్గర కళ్ళద్దాలు పెట్టుకోండి

డీలరు దగ్గర ఏ పాత కారు కిటికీకైనా "బయ్యర్స్ గైడ్" అనే కాగితం అంటించి ఉండాలి. ఎఫ్‌టీసీ 1985 నుంచి అమలు చేస్తున్న రూల్ ఇది. "యాజ్ ఈజ్" అన్న గడిలో టిక్కు ఉంటే, లాట్ దాటాక వచ్చే ప్రతి రిపేరూ మీదే. కొన్ని రాష్ట్రాల్లో పాత కార్లని అలా అమ్మనివ్వరు. వారంటీ ఇస్తామని నోటితో చెప్తే, ఆ కాగితం మీద రాయమనండి. బేరం స్పానిష్‌లో జరిగితే ఈ గైడ్ కూడా స్పానిష్‌లో ఇవ్వాలి. మన తెలుగుకి ఆ యోగం లేదు కాబట్టి, అర్థం కాని మాట ఉంటే అడిగి తెలుసుకున్నాకే సంతకం. ఇంటి దగ్గర అమ్మే మామూలు మనుషులకి ఈ రూల్ వర్తించదు.

"నచ్చకపోతే మూడు రోజుల్లో తిరిగిచ్చెయ్యొచ్చట" అని మనవాళ్ళలో ఒక నమ్మకం ఉంది. డీలరు లాట్‌లో కొన్న కారుకి అలాంటి ఫెడరల్ హక్కు లేదు. కాంట్రాక్టులో రాసి ఉన్నప్పుడో, మీ రాష్ట్ర చట్టం ఇచ్చినప్పుడో మాత్రమే కుదురుతుంది. న్యూయార్క్, న్యూజెర్సీ, మసాచుసెట్స్‌లలో డీలర్లు అమ్మే పాత కార్లకి కూడా కొన్ని షరతుల మీద లెమన్ చట్టం ఉంది. టెక్సస్ లెమన్ చట్టం ప్రధానంగా కొత్త కార్లకే.

టైటిల్ మీద పేరూ, అమ్మే మనిషి లైసెన్స్ మీద పేరూ ఒకటేనా చూడండి. "మా ఫ్రెండ్ కారు, నేను అమ్మిపెడుతున్నా" అంటే, లైసెన్స్ లేకుండా కార్ల వ్యాపారం చేసేవాళ్ళు కావచ్చు. సాల్వేజ్, రీబిల్ట్, ఫ్లడ్ అన్న మాటలు ఉన్నాయా, బ్యాంకు అప్పు తీరిందా అన్నవీ చూడాలి. డాష్‌బోర్డు మీద, డ్రైవర్ తలుపు దగ్గర, టైటిల్ మీద విన్ నంబర్ ఒకటే ఉండాలి. ప్రైవేటుగా కొంటే, ఇద్దరూ కలిసి డీఎంవీకి, టెక్సస్‌లో అయితే కౌంటీ టాక్స్ ఆఫీసుకి వెళ్ళి అక్కడే పేరు మార్పించుకోవడం మంచిది.

ఆఖరిది, మీ పేరు. కారు టైటిల్ మీద పేరు ఉండటానికి ఉద్యోగం ఉండాలన్న నియమం లేదు. భార్యాభర్తలిద్దరి పేర్లూ పెట్టుకుంటే మధ్యలో "అండ్" ఉందా, "ఆర్" ఉందా చూసుకోండి. చాలా రాష్ట్రాల్లో "అండ్" అంటే అమ్మడానికి ఇద్దరి సంతకాలూ కావాలి, "ఆర్" అంటే ఒకరిది చాలు. ఏది మంచిదన్నది మీ ఇంటి సంగతి. తెలిసి ఎంచుకోండి.

నిమ్మకాయలు

ఆ క్యామ్రీ మంచిదో చెడ్డదో మాకిప్పటికీ తెలియదు. తెలియని కారు కొనలేదు, అంతే. మా పిన్ని రెండు రోజులు ముభావంగా ఉంది. "పోనీలే, ఇంకో దశమి రాకపోతుందా" అని తనే సర్దుకుంది.

మూడు వారాల తర్వాత రోజెన్‌బర్గ్‌లో ఒక పెద్దావిడ దగ్గర 2018 కరోలా దొరికింది. ఆయిల్ మార్పించిన రసీదులన్నీ ఒక డబ్బాలో వరసగా పెట్టి ఉంచింది. మానిటర్లన్నీ రెడీ. సీటు బెల్టు చివర దాకా శుభ్రం. మా మరదలే నడిపింది, తనే మెకానిక్‌ని మాట్లాడింది. ముందు బ్రేక్ ప్యాడ్లు అయిపోవస్తున్నాయనీ, టైర్లు ఏడేళ్ళవనీ మెకానిక్ రాసిస్తే, ఆ కాగితం చూపించి ఆరొందలు తగ్గించింది. టైటిల్ మీద మొదటి పేరు తనది.

పేర్‌ల్యాండ్ గుడిలో పూజారిగారు పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టించి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. ఇక్కడ పాడు కారుని "లెమన్" అంటారని మా మరదలికి అంతకుముందే చెప్పాను. కారు ఎక్కుతూ నా వైపు చూసి, "వదినా, లెమన్లు చక్రాల కిందే ఉన్నాయి, సీట్లో లేవు" అంది.

కళ్ళకద్దుకుని స్టార్ట్ చేసింది. నాలుగూ ఒకేసారి చిట్లాయి.